రెండు హృదయాల మనిషి

గర్భవతిని ప్రాచీన ఆయుర్వేదం 'దౌహృదిని' అన్నది. రెండు హృదయాలు గలది అని అర్థం. నాలుగవ నెలలో గర్భస్థ శిశువుకు హృదయం వ్యక్తమవుతుందనీ, అప్పటినుండి తల్లి కోరికలలో బిడ్డ కోరికలు కలిసి ఉంటాయనీ, వాటిని తీర్చకపోతే బిడ్డ వైకల్యంతో పుడుతుందనీ సుశ్రుత సంహిత చెబుతుంది. శాస్త్రంగా ఈ మాట నేడు నిలవదు. అయినా గర్భిణి మనసును పట్టించుకోవాలన్న సంగతి అంత ప్రాచీన కాలంలోనే వైద్యగ్రంథానికెక్కడం విశేషమే. పట్టించుకోకపోతే కలిగే నష్టాన్ని మాత్రం బిడ్డ ఖాతాలో వ్రాశారు గాని తల్లి ఖాతాలో వ్రాయలేదు. ఉత్తరకాండలో నిండు గర్భిణి సీత గంగాతీరంలోని మునుల ఆశ్రమాలను చూడాలని ముచ్చటపడింది. ఆ ముచ్చటే సాకై ఆమెను అడవిలో విడిచి వచ్చారు. వేవిళ్ళ కోరిక తీర్చడం వేరు, గర్భిణి గోడు వినడం వేరు.

పాశ్చాత్య వైద్యం ఇంతకంటె మెరుగేమీ కాదు. 'హిస్టీరియా' అన్న పేరే గర్భాశయమన్న గ్రీకు పదం నుండి వచ్చింది. స్త్రీ మనసుకు ఏ బాధ కలిగినా నేరం గర్భసంచిదే! 1858లో పారిస్ వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణులలో, బాలింతలలో, పాలిచ్చే తల్లులలో కనిపించే మతిభ్రమణాలపై ప్రత్యేక గ్రంథం వ్రాశాక గాని ఈ విషయానికి తనదైన స్థానం ఏర్పడలేదు.

ఆ తరువాతి అధ్యాయం అమెరికాలో నడిచింది. ఫిలడెల్ఫియాలో సైలాస్ వైర్ మిచెల్ అనే ప్రఖ్యాత నరాల వైద్యుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల నరాల బాధలను వర్ణించిన సమర్థుడు. నీరసించి, దిగులుపడిన స్త్రీలకు ఆయన 'విశ్రాంతి చికిత్స' చేసేవాడు: వారాల తరబడి మంచం, ఏకాంతం, దండిగా పాలు, మర్దన. చదువూ వ్రాతా నిషిద్ధం. 1885లో ఆడపిల్లను కన్న తరువాత తీవ్రమైన కుంగుబాటుకు లోనైన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1887లో ఆయన వద్దకు వెళ్ళింది. వీలైనంతగా ఇంటిపట్టున ఉండమనీ, బిడ్డను ఎల్లవేళలా దగ్గరే ఉంచుకోమనీ, బ్రతికినంతకాలం కలం ముట్టవద్దనీ ఆయన చెప్పాడని ఆమె తరువాత వ్రాసుకున్నది. ఆ సలహా పాటించి ఆమె పిచ్చి అంచుదాకా వెళ్ళింది. దానిని కాదని కలం పట్టాకనే తేరుకున్నది. ఆ అనుభవం నుండి పుట్టిన కథ 'ది యెల్లో వాల్‌పేపర్' 1892లో అచ్చయింది. కథను మిచెల్‌కు పంపితే ఆయన జవాబే ఇవ్వలేదట.

చాలామందికి తెలియని ముక్క మరొకటి ఉన్నది. 1885లో ఓవెన్ విస్టర్ అనే యువకుడు ఇలాగే మనసు బాగులేక ఇదే వైద్యుని వద్దకు వచ్చాడు. ఆయనకు మంచం వ్రాయలేదు. పడమటి మైదానాలకు వెళ్ళి ఆరుబయట తిరగమన్నాడు. విస్టర్ వెళ్ళాడు, గుర్రాలెక్కాడు, పేరుమోసిన నవలాకారుడయ్యాడు. వైద్యుడొక్కడే, చీటీలు రెండు. మిచెల్ దుష్టుడని నేననను. తన కాలం స్త్రీకి ఏది తగునని నమ్మిందో దానినే ఆయన మందుగా వ్రాశాడు.

మన దగ్గరికి వద్దాం. 2002లో విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసిన అధ్యయనం ప్రకారం ప్రసవమైన ఆరు నుండి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లులలో కుంగుబాటు ఉన్నది. వారిలో నాలుగింట మూడువంతుల పైచిలుకు గర్భంతో ఉన్నప్పుడే మానసికంగా బాధపడుతున్నవారు. పేదరికం, భర్తతో సఖ్యత లేకపోవడం ముఖ్య కారణాలు. పుట్టినది ఆడపిల్ల అయితే భర్త హింస, ఆకలి వంటి వాటి ప్రభావం మరింత మారింది. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి బీజం మీద ఆధారపడుతుందని 1905లోనే నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు పురుగులను పరిశీలించి చూపింది. మన ఇళ్ళకు ఆ వార్త ఇంకా పూర్తిగా చేరలేదు. లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. అది స్కానింగ్ గదికి వర్తిస్తుంది, తొమ్మిది నెలల భయానికి వర్తించదు.

ఆ భయాన్ని నేను గుర్తించలేకపోయిన సందర్భం ఒకటి చెప్పుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజుల్లో, ఇద్దరు ఆడపిల్లల తల్లి మూడవ కాన్పుకు పరీక్షకు వచ్చేది. బరువు పెరగడం లేదు. "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగితే, "పడకేం బాబూ, బాగానే పడుకుంటుంది" అని అత్తగారు జవాబిచ్చింది. నేను ఐరన్ మాత్రలు, బలానికి టానిక్కు వ్రాసి పంపాను. ఆమె రాత్రులు లేచి కూర్చుని ఏడుస్తున్నదని, ఈసారి కూడా ఆడపిల్లయితే పుట్టింటికి పంపేస్తారని అన్నారని, నర్సమ్మ చెబితే గాని నాకు తెలియలేదు. మా కార్డులో రక్తపోటుకు, హిమోగ్లోబిన్‌కు గడులుండేవి. మనసుకు గడి లేదు. అది సగం సాకే. అత్తగారిని బయట కూర్చోమనడానికి గడి అక్కరలేదు కదా.

1987లో జాన్ కాక్స్, ఆయన సహచరులు రూపొందించిన 'ఎడిన్‌బరో' ప్రశ్నావళిలో పది ప్రశ్నలే. గత ఏడు రోజుల సంగతి అడుగుతారు. బాలింతల కోసం పుట్టినా ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నారు. ఐదు నిమిషాలు చాలు, జవాబులు ఆమే గుర్తుపెట్టాలి. పదవ ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి అవునన్న జవాబు వస్తే మొత్తం మార్కులు ఎన్నయినా ఆమెను ఆ రోజే మానసిక వైద్యునికి చూపించాలి. తెలుగులో మాట్లాడాలంటే 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఫోన్ ఆమె చేతికిచ్చి, కాసేపు తలుపు దగ్గరగా వేసి రండి.