కడియం నర్సరీలు, పూలమొక్కలు

కడియం తూర్పు గోదావరి జిల్లాలో రాజమహేంద్రవరానికి దగ్గరలో ఉన్న మండల కేంద్రం. ఇక్కడితో పాటు కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు గ్రామాల్లో నర్సరీలు విస్తరించాయి. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న కడియపులంకలో పూల మార్కెట్ నడుస్తుంది.

చరిత్ర

గోదావరి సీమలో మొక్కలపై శాస్త్రీయ పరిశీలన పద్దెనిమిదో శతాబ్దంలోనే సాగింది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వెళ్లాడు. 1795 నుంచి వెలువడిన కోరమాండల్ మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లనూ నమోదు చేశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీరు అందడంతో, ఒండ్రు నేలల్లో తోటల సాగుకు భరోసా కలిగింది. ఇరవయ్యో శతాబ్దంలో కడియం పరిసరాల్లో పండ్ల అంట్లు, పూలమొక్కల పెంపకం వృత్తిగా స్థిరపడింది. పల్ల వెంకన్న స్థాపించిన శ్రీ సత్యనారాయణ నర్సరీ వీటిలో పేరున్నది.

ముఖ్య జాతులు

మల్లె: చలికాలం చివర కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లకు మొగ్గ పడుతుంది. వేసవిలో పూత జోరుగా ఉంటుంది. సాయంత్రం విచ్చుకునే మొగ్గను తెల్లవారుజామునే కోస్తారు. ఇదే జాతి ఫిలిప్పీన్స్ జాతీయ పుష్పం.

కనకాంబరం: వాసన ఉండదు, కానీ త్వరగా వాడదు. అందుకే మల్లెలతో కలిపి కడతారు. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు కాబట్టి కొమ్మ ముక్కలకు వేళ్లు పుట్టించి నాటుతారు.

చామంతి: రాత్రులు పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. లేత మొక్కల తలలు తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూల సంఖ్య పెరుగుతుంది. పూత అయ్యాక మొక్క మొదలు దగ్గర వచ్చే పిలకలే మరుసటి పంటకు నారు.

బంతి, లిల్లీ: రెండూ మెక్సికో నుంచి వచ్చినవే. బంతిని గింజలతో, లిల్లీని దుంపలతో పెంచుతారు. బంతి రేకల్లోని ల్యూటిన్‌ను కోళ్ల దాణాలో కలిపితే గుడ్డు సొనకు రంగు వస్తుంది. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను తగ్గిస్తాయి.

కాగితం పూలు: దక్షిణ అమెరికా మొక్క. రంగురంగుల రేకలుగా కనిపించేవి నిజానికి ఆకులు. అసలు పువ్వులు వాటి నడుమ చిన్నవిగా ఉంటాయి. తక్కువ నీటితో బతుకుతుంది కాబట్టి రోడ్ల మధ్య నాటుతారు.

మందారం: తలనూనెల్లో వాడతారు. ఎర్రమందారం రసం ఆమ్లంలో ముదురు గులాబీగా, క్షారంలో ఆకుపచ్చగా మారుతుంది.

అంట్లు

గులాబీకి కన్ను అంటు, నూరు వరహాలకు గాలి అంటు కడతారు. గాలి అంటుకు కొమ్మపై అంగుళం మేర బెరడును ఉంగరంలా తీసి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి బిగిస్తారు. కొన్ని వారాలకు వేళ్లు కనిపించగానే కోసి సంచిలో నాటుతారు. ఇలా వచ్చిన మొక్కకు తల్లి మొక్క గుణాలే ఉంటాయి.

వ్యాపారం

విడిపూల ధర శ్రావణ, కార్తిక మాసాల్లో, పెళ్లి ముహూర్తాల్లో పెరిగి, ఆషాఢంలో, మూఢంలో పడిపోతుంది. మొక్కల అమ్మకాలు వానలతో ఊపందుకుంటాయి. పూలకు గిరాకీ తగ్గే ఆషాఢంలోనే నాట్ల కాలం మొదలవడం రెండూ పెంచే రైతుకు కలిసివచ్చే అంశం.