పేరులో దేవత ఉంటే తప్పా?

పోయిన నెల మా అమ్మాయి లావణ్యకి ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండానే ఫోన్ చేసి, "ఫీబీ అని పెడదామనుకుంటున్నాం, నీ అభిప్రాయం చెప్పు నాన్నా" అంది. మా వియ్యపురాలుగారు "అది కిరస్తానీ పేరు కదమ్మా" అన్నారట. మా సంఘం మిత్రుడొకాయన నన్ను ఇంకోలా నిలదీశాడు. "రామలక్ష్మి వద్దనే నువ్వు గ్రీకు దేవతకి ఎలా ఒప్పుకుంటావోయ్?" అన్నాడు.

రక్షణ శాఖ అకౌంట్స్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. వోచరు చూడందే బిల్లు పాస్ చేసే అలవాటు లేదు. అందుకని ఈ పేరుకి కూడా వోచర్లు వెతికాను.

మొదటి వోచరు హెసియడ్ కవిది, సుమారు క్రీ.పూ. 700 నాటిది. ఆయన రాసిన దేవతల వంశావళిలో ఫీబీ ఒక టైటన్ స్త్రీ. లీటోకి తల్లి, అపోలో, ఆర్టెమిస్‌లకి అమ్మమ్మ. పేరుకి అర్థం "ప్రకాశించేది". క్రీ.పూ. 458లో ప్రదర్శించిన ఈస్కిలస్ నాటకంలో, డెల్ఫీ పీఠాన్ని మనవడు అపోలోకి పుట్టినరోజు కానుకగా ఇచ్చింది ఈవిడే. డెల్ఫీ అంటే తెలుసుగా, రాజులు కూడా యుద్ధానికి ముందు జోస్యం అడగడానికి వెళ్ళిన చోటు. అంటే మా మిత్రుడి అభ్యంతరం ఉత్తినే కొట్టిపారేసేది కాదు.

మరి గ్రీకులు తమ పిల్లలకి పేర్లు ఎలా పెట్టుకునేవారు? ఏథెన్స్‌లో పదో రోజున విందు చేసి పేరు పెట్టేవారు. మన బారసాలకి దగ్గరగానే ఉంది. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడమూ మామూలే. కానీ ఆ ప్రాచీన కాలంలో దేవత పేరు ఉన్నదున్నట్టుగా మనిషికి పెట్టడం తక్కువ. దాన్నుంచి పుట్టిన పేరు పెట్టేవారు. ఆర్టెమిస్ నుంచి ఆర్టెమీసియా, డిమీటర్ నుంచి డెమెట్రియస్. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్ల పక్షాన స్వయంగా ఓడలు నడిపిన రాణి పేరు ఆర్టెమీసియా. ఆవిడ్ని చరిత్ర గుర్తుపెట్టుకున్నది ఆవిడ చేసిన పనికి. దేవత కటాక్షానికి కాదు.

రెండో వోచరు వియ్యపురాలుగారి కోసం. క్రీ.శ. మొదటి శతాబ్దం మధ్యలో పౌలు రోమా క్రైస్తవులకి రాసిన లేఖ చివర్లో ఫీబీ అనే సంఘ సేవకురాలి ప్రస్తావన ఉంది. అదే అధ్యాయంలో హెర్మెస్, నీరియస్ అనేవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ గ్రీకు దేవతల పేర్లే. మతం మార్చుకున్నారు గానీ పేర్లు మార్చుకోలేదు. తర్వాత క్రైస్తవ సాధువుల్లో డెమెట్రియస్ ఉన్నాడు, ఇసిడోర్ కూడా ఉన్నాడు. ఇసిడోర్ అంటే ఐసిస్ అనే ఈజిప్టు దేవత ఇచ్చిన వరం! చక్రవర్తి థియొడోసియస్ 391, 392 సంవత్సరాల్లో పాత దేవతల బలుల్నీ ఆలయ పూజల్నీ నిషేధించాడు. గుళ్ళు మూతపడ్డాయి, పేర్లు మిగిలాయి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మూడో వోచరు. 1800 తర్వాత, గ్రీసు ఇంకా తురుష్క సామ్రాజ్యంలో ఉండగానే, చదువుకున్న గ్రీకులు పిల్లలకి సాధువుల పేర్లు మాని ప్రాచీన గ్రీకు పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. 1817లో కిడోనియస్ పట్టణంలో బడి విద్యార్థులు తమ పేర్లనే అలా మార్చుకున్నారు. కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతి ఐదో గ్రెగరీ 1819లో ఈ కొత్త అలవాటుని ఖండిస్తూ ఒక ఉత్తరువు పంపాడు. దేవుళ్ళు చచ్చి పద్నాలుగు వందల ఏళ్ళయినా పేరుకి భయపడ్డాడన్నమాట. ఆయన భయపడింది దేవతలకి కాదు. చర్చిని అడక్కుండా తల్లిదండ్రులు పేరు పెట్టుకోవడానికి! 1821లో తిరుగుబాటు మొదలవగానే సుల్తాను ప్రభుత్వం ఆయన్నే ఉరి తీసింది. ఇప్పుడు గ్రీసులో అథినా, అఫ్రొదీతి అనే పేర్లున్న ఆడవాళ్ళు నిక్షేపంగా చర్చికి వెళ్తున్నారు.

నాలుగోది ఆకాశంలో ఉంది. శనిగ్రహపు చంద్రులకి టైటన్ల పేర్లు పెట్టొచ్చని 1847లో జాన్ హెర్షెల్ సూచించాడు. 1898లో పెరూలో తీసిన ఫోటో పలకల్ని పరిశీలించి విలియం పికరింగ్ శనికి మరో చంద్రుణ్ణి కనిపెట్టాడు. ఫోటో ద్వారా దొరికిన మొదటి ఉపగ్రహం అదే. దాని పేరు ఫీబీ. శని తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో తిరుగుతుంది. 2004 జూన్‌లో కాసిని నౌక దాని పక్కనుంచి వెళ్ళి ఫోటోలు పంపింది. (మనవరాలి పేరు శని చంద్రుడిది కూడా అని వియ్యపురాలుగారికి ఇంకా చెప్పలేదు!)

మా మిత్రుడికి ఇవన్నీ చెబితే, "దూరపు కొండలు నునుపు. వాళ్ళ దేవుళ్ళు నీకు సాహిత్యం, మన దేవుళ్ళు మతం" అన్నాడు. ఆ మాట నిజమే. ఫీబీకి పూజారి లేడు, హుండీ లేదు, అందుకే నాకు ఇబ్బంది అనిపించలేదు. కానీ పేరుకి మహిమ లేదని నమ్మేవాడు రామలక్ష్మి అన్న పేరుకి మాత్రం ఎందుకు జంకాలి? ఆలోచిస్తే, పేరు ఏమిటన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు నిర్ణయించారు, ఏ కారణంతో నిర్ణయించారు అన్నదే ప్రశ్న. గోరాగారు 1930లో పుట్టిన కొడుక్కి ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా లవణం అని పెట్టారు. పంచాంగం అడిగి పెట్టలేదు. ఆ పేరు విలువ అక్కడుంది.

ఇక్కడే నా సొంత ఖాతాలో ఒక తప్పుడు పద్దు ఉంది. మా అమ్మాయికి ఆ పేరెందుకు పెట్టావని సంఘంలో ఎవరడిగినా "లవణంగారి మీద గౌరవంతో" అని చెప్పేవాణ్ణి. అబద్ధం. అమ్మాయి పుట్టింది అశ్వని నక్షత్రంలో. చు, చే, చో, లా అక్షరాల్లో ఒకటి రావాలని మా అమ్మ పట్టుబట్టింది. ఆవిడతో వాదించే ధైర్యం లేక "లా" ఒప్పుకున్నాను. తర్వాత దానికి ఒక గౌరవనీయమైన కారణం తగిలించాను. పురాణాలు పుట్టేది కూడా ఇలాగే కదా! లవణంగారు 2015లో పోయారు. ఈ సంగతి ఆయన ఉండగా ఎవరికీ చెప్పలేకపోయాను.

మొన్న ఫోన్లో అమ్మాయికి చెప్పేశాను. "నాకు చిన్నప్పుడే తెలుసు, నాయనమ్మ చెప్పింది" అంది. ఇన్నేళ్ళూ నన్ను నలుగురిలో దిద్దకుండా ఊరుకుంది.

చివరికి నా అభిప్రాయం ఇలా చెప్పాను. మీకు నచ్చితే ఫీబీ అనే పెట్టండి. మన దేశంలో జనన నమోదులో పేరు చేర్చడానికి ఏడాది దాకా రుసుము లేకుండా గడువుంది, తొందరేం లేదు. అన్ని కాగితాల్లోనూ స్పెల్లింగు ఒక్కటే ఉండేలా చూడండి, అక్షరం తేడా వస్తే పెన్షన్ల దగ్గర జనం పడే పాట్లు నేను చూశాను. ఇంకొక్కటి. ఆ పేరు ఎందుకు పెట్టారని పిల్ల అడిగిన రోజున ఉన్నదున్నట్టు చెప్పండి. "వినడానికి బావుందని పెట్టాం" అన్నదే నిజమైతే అదే చెప్పండి. నాలాగా తర్వాత కారణాలు కల్పించకండి.