కళాపూర్ణోదయంలో మారురూపాల శృంగారం: పాఠకుడి ద్వైధీభావం

పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకోనివారు అరుదు. మెచ్చుకుంటూనే ఎక్కడో ఒకచోట నొసలు చిట్లించనివారూ అరుదే. 16వ శతాబ్దంలో నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన ఈ ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధంలో నారదుడు, రంభ, నలకూబరుడు లాంటి పురాణ పాత్రలున్నా, కథ మాత్రం సూరన సొంత అల్లిక. 1914లో వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ ఈ కావ్యాన్ని ఆధునిక విమర్శ నడిబొడ్డున నిలబెట్టింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ 2002లో దీన్ని ఆంగ్లంలోకి తెస్తూ నవలగా చదవాలన్నారు. ప్రేమ, మాయ, జన్మాంతరాలు కలగలిసిన కథ కనుక నేటి పాఠకుడికి ఆ ప్రతిపాదన వింతగా తోచదు.

చదివేవారిలో కలిగే ఈ మిశ్రమ స్పందనకు తరచుగా ఒకే వివరణ వినిపిస్తుంది: కథాకల్పన గొప్పది, శృంగారం మోతాదు మించింది. ఈ వివరణతో నాకు పేచీ ఉంది. ప్రబంధ పాఠకుడికి వర్ణనల మోతాదు కొత్త కాదు, మనుచరిత్ర చదివినవాడు కళాపూర్ణోదయం దగ్గర ఉలిక్కిపడాల్సిన పనిలేదు. ఇక్కడి ఇబ్బంది వేరు. ఈ కథలో కోరిక ఎవరిదో, ఎవరిమీదో తేలదు.

ద్వారకలోని వేశ్య కలభాషిణి విమానంలో వెళ్తున్న నలకూబరుణ్ణి చూసి మోహిస్తుంది. కోరిన రూపం ధరించే శక్తి దొరికాక అతడి ప్రియురాలు రంభగా మారుతుంది. అటు నారదుడి శిష్యుడు మణికంధరుడు నలకూబరుడి రూపంలో ఉంటాడు. దొంగ రంభ, దొంగ నలకూబరుడు కలుస్తారు. ఒకరే మోసం చేసివుంటే మన తీర్పు తేలికయ్యేది. ఇద్దరూ మోసగించారు, ఇద్దరూ మోసపోయారు. పైగా మరుజన్మలో మధురలాలసగా, కళాపూర్ణుడిగా పుట్టి దంపతులవుతారు కూడా. అంటే మారురూపాలు తప్పు మనుషుల్ని కలపలేదన్నమాట, తగిన జంటనే కలిపాయి. ఆ కూర్పుకు ముచ్చటపడతాం. కానీ ఆ క్షణాన కలభాషిణి కోరింది మణికంధరుణ్ణి కాదే అన్న ప్రశ్న మాత్రం వదలదు. విధి సరిచేసినంత మాత్రాన ఆమె అనుమతి వెనకటి తేదీతో వచ్చినట్టేనా?

పసిపాప మధురలాలస నోరు విప్పి పూర్వకథ చెప్పడంతో ప్రశ్న మరింత పదునెక్కుతుంది. బ్రహ్మ సరస్వతితో సరసమాడుతూ ఒక కథ చెప్పాడు. ఆ ఏకాంతంలోని చేష్టలనే పాత్రలుగా మార్చి అల్లిన కథ అది. అదే భూమిమీద బతుకులుగా నడిచింది. శిల్పపరంగా తెలుగులో దీనికి సాటి చూపడం కష్టం: కథ లోపలి కథే కథకు మూలమవుతుంది, చదివినదంతా వెనక్కి తిరిగి కొత్త అర్థం తెచ్చుకుంటుంది. అయితే ఆ వెలుగులో చూస్తే కలభాషిణి తాపం ఆమె సొంతమేనా, దేవదంపతుల ఆటకు నీడా? పాఠకుడి సంతోషం, అసంతృప్తి ఈ ఒక్క మలుపు నుంచే పుడుతున్నాయి. అందుకే ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని తీసేయలేం.

సూరనకు ఈ చిక్కు తెలుసనడానికి సుగాత్రీ శాలీనుల ఉపాఖ్యానమే సాక్ష్యం. నిలువెల్లా నగలతో పడకటింటికి వచ్చిన భార్యపై శాలీనుడికి మనసు కలగదు. తోటలో తనకు సాయంగా నగలు తీసేసి పనిచేస్తున్న సుగాత్రిని చూసినప్పుడే అతడు చలిస్తాడు. మారురూపాలతో నిండిన కావ్యంలో ఉన్న రూపాన్నే కోరిన మగవాడు ఇతడు. ప్రబంధ కవులు నాయికకు నగలు తొడగడంలో పోటీపడిన కాలంలో వాటిని తీయించి శృంగారం పండించడం చిన్న సాహసం కాదు. (కవి తన తోటివారిని గిల్లాడేమో కూడా.) మొత్తం కావ్యంలో ఏ సంకోచమూ లేకుండా చదివించే ప్రేమ నా దృష్టిలో ఇదొక్కటే.

చివరి ఆశ్వాసాలకు వచ్చేసరికి ఈ పదును మొద్దుబారుతుంది. కళాపూర్ణుడి పెళ్ళిళ్ళు, మధురలాలసకూ అభినవకౌముదికీ మధ్య సవతుల పోరు, దిగ్విజయం, అన్నీ ప్రబంధానికి అలవాటైన బాటలో సాగుతాయి. ఒకప్పుడు అప్సరస రూపమే ఎత్తిన తెగువగల స్త్రీ అంతఃపురపు అసూయల్లో ఇమిడిపోతుంది. అంతదాకా మనల్ని ఇబ్బందిపెట్టిన కోరిక ఇక ఇబ్బందిపెట్టదు, కట్టిపడేయదు కూడా. కళాపూర్ణోదయంపై ఆక్షేపణ చెప్పాల్సివస్తే అది పడకటింటి పద్యాలమీద కాదు, ఈ సర్దుబాటుమీదే చెప్పాలి.