వరదకు విడిచిన దారి



మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలను గూర్చి ప్రసంగించువారు కఱవును గూర్చి చెప్పుట వాడుక. వరద మాట తలపెట్టువారు అరుదు. కాని యెండిన దేశముననే వరద హెచ్చు హాని చేయును. పదియేండ్లు నీరు పాఱని వంకను జనులు వంకయని మఱచి, మొదట దున్నుదురు. పిమ్మట ఇల్లు కట్టుదురు. అట్టి మఱపునకు విరుగుడుగా మన పూర్వులు చేసిన యేర్పాట్లను నేడు మనవి చేసెదను.

ఈ సీమలోని చెరువులు గొలుసుకట్టు చెరువులు. మీది చెరువు నిండి మొరవ పాఱినచో, ఆ నీరు వంకలోఁ బడి క్రింది చెరువును జేరును. కావున ఒక్క కట్ట తెగినచో దాని బరువంతయు దిగువ కట్టమీదఁ బడును. ఈ శాస్త్రము పూర్వులకుఁ దెలియును. కడప మండలమున పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు కట్టించి, 1369లో సంస్కృత శాసనము వేయించెను. తటాకమునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను అందుఁ జెప్పిరి. రెండు రాజ్యముల పొలిమేరలోనుండుట ఆ దోషములలో నొకటి.

ఆ దోషమెట్టిదో కుప్పము సీమకు 1903 నవంబరులోఁ దెలిసినది. పాలారు మైసూరు రాజ్యమునఁ బుట్టి, కుప్పము ప్రాంతముగుండ అరవదేశమునఁ బ్రవేశించును. ఆ యేడు మైసూరు రాజ్యములోని బేతమంగళము చెరువు తెగెను; వాణియంబాడి పట్టణము పాలాటి వరదపాలయ్యెను. కట్ట యొక ప్రభుత్వమువారిది, కష్టము వేఱొక ప్రభుత్వపు ప్రజలది.

నీటి దారిని కాగితమున కెక్కించుట తరువాతి కాలపు పని. సర్వేలో వంకలకును చెరువులకును వేఱు నంబరులిచ్చి, వానిని పోరంబోకుగా వ్రాసిరి. పోరంబోకనఁగా పనికిరాని నేలయని నేఁడు పలువురు తలఁచుచున్నారు. అది శిస్తు లేని నేల. వంక విషయమున నీటికి విడిచిన నేల. మదరాసు ప్రభుత్వము 1883లో చెరువుల పునరుద్ధరణ పథకము నారంభించి, ఒక్కొక్క చెరువు వివరములు వ్రాయించినది. ఎంత మేర వాననీరు చెరువునకుఁ జేరునో చూచి, వరద పరిమాణమును గట్టు రైవ్స్ సూత్రము 1884 నాటిది. మొరవ వెడల్పునకు అట్టి లెక్కయే ఆధారము.

ఇఁక బీమా మాట. రాఁగల నష్టమునకై ముందుగానే యేటేట కొంత తీసియుంచుట బీమా. మన దశబంధ మట్టిదే. చెరువు త్రవ్వించినవానికో, బాగుసేయు భారము వహించినవానికో, దానిక్రింది ఆదాయమున పదవపాలుగాని తగిన మాన్యముగాని యిచ్చెడివారు. కట్టకు మన్ను వేయుట, తూము సరిచేయుట అతని విధి. 1948 నాటి చట్టముచే పుంగనూరు, కంగుంది జమీందారీలు రద్దయి, వాని చెరువులు ప్రభుత్వమున కధీనమయ్యెను. యాజమాన్యము మాఱినది, కాని యేటేట మన్ను వేయవలసిన యక్కఱ మాఱలేదు.

అమెరికాలో 1968లో జాతీయ వరద బీమా చట్టము వచ్చినది. ఏ యేఁటనైనను నూటికొక పాలు వరద రాఁదగిన చోటులను పటములలో గుర్తింతురు. ఒక పాలేగదా యనరాదు. ముప్పదియేండ్లు ఆ చోట కాపురముండువానికి అట్టి వరద ఒక్కసారియైన వచ్చుట నూటికి 26 పాళ్లు. వరద మట్టము అడుగుకంటె మించి పెరుగకుండ నీరు పోవుటకుఁ గావలసిన మేరను వేఱుగా గుర్తించి, అందు అడ్డుకట్టడములు నిషేధింతురు. మన దేశమునను 1975లో కేంద్ర జలసంఘము వరదమైదానముల విభజనకు మాదిరి బిల్లును రాష్ట్రములకుఁ బంపెను. 1978లో మణిపురము అట్టి చట్టము చేసెను. ఇట్టి చట్టము చేసిన రాష్ట్రములు నేఁటికిని కొలఁదియే.

మదనపల్లెను దాఁటి పాఱు బాహుద దిగువను పించానదితోఁ గలసి చెయ్యేరగును. చేయి నఱకఁబడిన లిఖితమహర్షికి మరల చేతుల నిచ్చినది గావున బాహుదయని పురాణప్రసిద్ధి, తెలుఁగున చెయ్యేరు. ఆ చేతుల నిచ్చిన యేఱే 2021 నవంబరు 19న పగఁబూనినది. పించా ప్రాజెక్టు దాఁటివచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట సీమలో పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములు మునిఁగెను. జనులు ప్రాణములు గోల్పోయిరి. 1903 నాఁడు అడ్డువచ్చిన పొలిమేర ఇచట లేదు. ఎగువ దిగువలు రెండును ఒకే రాష్ట్రమువి. అయినను ఎగువ కట్ట ఆపద దిగువ గ్రామమునకు ముందుగా వినఁబడవలసినంత వినఁబడలేదు.

కావున నా మనవి యొక్కటి. మన గ్రామ సర్వే పటములలోని వంకలను, మొరవలను, చెరువుల నిండుమట్టములను ఒక్క పటమునఁ జేర్చి గ్రామచావడి గోడకుఁ దగిలింపవలయును. ఇంటిస్థలము కొనువాఁడు దస్తావేజునకు ముందు ఆ గోడను జూడవలయును. ఎగువ చెరువు పేరు, దాని కట్ట స్థితి దిగువ గ్రామమువారికిఁ దెలియవలయును. కఱవునాఁడే ఈ పని జరుగవలయును. వంక పాఱునాఁడు పటము వ్రాయుటకుఁ దీరికయుండదు.