సృష్టి పరిరక్షణ కూడికలు

సృష్టి పరిరక్షణ కూడికలు అనగా ప్రకృతిని కాపాడుట కూడ దైవసేవలో భాగమను నమ్మకముతో క్రైస్తవ సంఘములు జరుపుకొను ఆరాధనలు, పండుగలు, సామూహిక కార్యములు. తెలుగునాట వీటికి రెండు మూలములు కలవు. మొదటిది పల్లె సంఘములలో తరతరములుగా వచ్చుచున్న పంట పండుగ, ఆరుబయలు జాతర. రెండవది 1980ల నుండి ప్రపంచ క్రైస్తవ సంస్థలలో బలపడిన పర్యావరణ చింతన. తెలంగాణలోని నవాబుపేట, వికారాబాదు, తాండూరు ప్రాంతమున మొదటి సంప్రదాయము ముఖ్యమైనది.

బైబిలు ఆధారములు

ఆదికాండము మొదటి అధ్యాయము మానవునికి జీవరాశిపై అధికారము లభించెనని చెప్పును. రెండవ అధ్యాయము 15వ వచనము మాత్రము తోటను సాగుచేసి కాపాడు బాధ్యతను అతనికి అప్పగించును. లేవీయకాండము 25వ అధ్యాయము ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇవ్వవలెనని విధించును. భూమి దేవునిదే అను భావము 24వ కీర్తనలో కలదు. 1967లో అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్, పర్యావరణ సంక్షోభమునకు పాశ్చాత్య క్రైస్తవ ఆలోచనా విధానము కూడ కారణమని విమర్శించెను. దీనికి సమాధానము వెదకుచు అనేకమంది వేదాంతులు “అధికారము” అను మాటకు “కావలి బాధ్యత” అను అర్థమును ముందుకు తెచ్చిరి.

ప్రపంచ నేపథ్యము

1983లో వాంకూవరులో జరిగిన ప్రపంచ చర్చిల మండలి మహాసభ న్యాయము, శాంతి, సృష్టి సమగ్రత అను మూడింటిని ఒకే లక్ష్యముగా చేపట్టెను. అదే సంవత్సరము పోర్చుగల్‌లో క్రైస్తవ ప్రకృతి సంరక్షణ సంస్థ ఆ రోషా స్థాపించబడెను. ఈ పేరునకు పోర్చుగీసు భాషలో “బండ” అని అర్థము. భారతదేశములో ఈ సంస్థ బెంగుళూరు సమీపమున ఏనుగులకు, రైతులకు మధ్య ఘర్షణ తగ్గించు పని చేపట్టెను. 1989లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్స్ పాట్రియార్కు మొదటి డెమెట్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కొరకు ప్రార్థనా దినముగా ప్రకటించెను. 2015లో పోపు ఫ్రాన్సిస్ “లౌదాతో సీ” అను విశ్వలేఖను వెలువరించి, కాథలిక్కులు కూడ ఆ దినమును పాటించునట్లు చేసెను. సెప్టెంబరు 1 నుండి, అసిసీ ఫ్రాన్సిస్ పండుగయైన అక్టోబరు 4 వరకు గల దినములను పలు సంఘములు “సృష్టి కాలము”గా పాటించుచున్నవి.

తెలుగు సంఘములలో

తెలంగాణ పల్లెలలో క్రైస్తవులైనవారిలో అధికులు దళిత వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు. వాన, చెరువు, బావి వీరికి నిత్యజీవిత సమస్యలు. మెదక్‌లో ఛార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు కాలమున ఆకలిగొన్నవారికి పని, తిండి కల్పించుచు కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయబడెను.

పంట పండుగ నాడు విశ్వాసులు తమ తొలి పంటలోని ధాన్యము, పప్పులు, కూరగాయలు, కోళ్ళు, గ్రుడ్లు చర్చికి తెత్తురు. ప్రార్థన పిదప వాటిని వేలము వేసి, వచ్చిన సొమ్మును సంఘమునకు వినియోగింతురు. దక్షిణ ఇండియా సంఘము (సి.ఎస్.ఐ.) ప్రపంచ పర్యావరణ దినమైన జూన్ 5కు దగ్గరలోని ఆదివారమును పర్యావరణ ఆదివారముగా ఆచరించును. ఆ సందర్భమున మొక్కలు నాటుట సాధారణము.

ధారూరు జాతర

వికారాబాదు, తాండూరుల నడుమ రైలు మార్గముపై ఉన్న ధారూరులో మెథడిస్టు సంఘము ప్రతి యేట నవంబరులో క్రైస్తవ జాతర జరుపును. ఇది 1920వ దశకమున ప్రారంభమైనది. తెలంగాణతో పాటు కర్ణాటక, మహారాష్ట్రల నుండి భక్తులు కుటుంబములతో వచ్చి, చెట్ల క్రింద గుడారములు వేసుకొని కొన్ని దినములు గడుపుదురు. అక్కడనే వంట, అక్కడనే ప్రార్థన. 19వ శతాబ్దమున అమెరికాలో మెథడిస్టులు అడవులలో జరిపిన గుడారపు కూటములను, తెలంగాణలోని జాతర పద్ధతిని ఇది ఒకేసారి తలపించును. వికారాబాదు ప్రాంతపు సంఘములు అమెరికా మెథడిస్టు మిషనుకు చెందినవగుటచే 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో చేరక, మెథడిస్టు సంఘముగనే కొనసాగుచున్నవి.

ఇది పర్యావరణము కొరకు ఏర్పడిన జాతర కాదు. అయినను నీడ, నీరు లేనిదే ఇటువంటి కూడిక సాగదు. వేలమంది ఒకేచోట వసించునప్పుడు వంటచెరకు, త్రాగునీరు, చెత్త అను మూడు విషయములలో క్రమశిక్షణ అవసరము. ప్లాస్టిక్కు బదులు మోదుగు విస్తళ్ళు వాడుట, చెట్లు నరకకుండుట, వెడలునప్పుడు ఎవరి చోటును వారు శుభ్రపరచుట వంటివి ఏ జాతరలోనైనను పాటింపదగినవి.

ప్రాంతపు పరిస్థితులు

మూసీ నది అనంతగిరి కొండలలో పుట్టి తూర్పునకు సాగి హైదరాబాదు వద్ద ఉస్మాన్ సాగర్‌ను చేరును. నవాబుపేట మండలము ఈ జలాశయమునకు ఎగువ దిశలో ఉన్నది. తాండూరు కందిపప్పునకు ప్రసిద్ధి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించెను. పూడూరు మండలములోని దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరములను నౌకాదళ రేడియో ప్రసార కేంద్రమునకు కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేసిరి. చెట్ల నష్టము, మూసీ నీటి రాకపై ప్రభావము గురించి పర్యావరణవాదులు అభ్యంతరము తెలిపిరి.

పొరుగున జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు సంక్రాంతి మొదలుకొని పాత పంటల జాతర నిర్వహింతురు. ఎడ్లబండ్లపై చిరుధాన్యముల, పప్పుల విత్తనములను ఊరూర ఊరేగింతురు. ఇది క్రైస్తవ కార్యక్రమము కాదు. కాని పంట పండుగతో దీనికి పోలిక కలదు: రెండింటను పంటయే కానుక. భేదమేమనగా, చర్చిలో ధాన్యము వేలమై ఇంటికి పోవును. పాత పంటల జాతరలో విత్తనము తిరిగి పొలమునకు పోవును.

విమర్శలు

మొక్కలు నాటుట ఒక్క ఆదివారపు వేడుకగా ముగియుచున్నదనియు, నాటిన పిదప నీరు పోయువారు ఉండవలెననియు విమర్శ కలదు. భూమి లేనివారికి భూమి, అందరికి నీటిపై సమాన హక్కు లభింపనిదే సృష్టి పరిరక్షణ సంపూర్ణము కాదని దళిత వేదాంతులు వాదింతురు. బావి వద్ద అంటరానితనమును అనుభవించిన సంఘములలో ఈ వాదమునకు బలము ఎక్కువ.