పన్నెండున్నర శాతం పట్టుదల

1950లలో ఐర్లండ్ నుంచి సుమారు 4 లక్షల మంది వలసపోయారు. 1961 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో మిగిలింది 28 లక్షల మందే. పనులు లేక ఇంగ్లండ్ ఓడ ఎక్కడం ఇంటింటి కథ. ఐర్లండ్ పన్నుల చరిత్రను ఇక్కణ్నుంచి చదవకపోతే ఆ దేశం మొండితనం ఎవరికీ అర్థం కాదు.

1956లో ఆర్థిక మంత్రి జెరార్డ్ స్వీట్‌మన్ పెరిగిన ఎగుమతులపై వచ్చే లాభాలకు సగం పన్ను మాఫీ చేశారు. రెండేళ్లకే అది పూర్తి మాఫీ అయింది. 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరాక, ఎగుమతులకు మాత్రమే రాయితీ చెల్లదన్నారు. సరేనని ఐర్లండ్ 1981 నుంచి తయారీ రంగమంతటికీ 10 శాతం పన్ను పెట్టింది. తర్వాత అదీ వివక్షేనని అభ్యంతరం వచ్చింది. అప్పుడు డబ్లిన్ ప్రభుత్వం తయారీదారులను అందరితో సమానం చేయడానికి బదులు అందరినీ కిందికి దించింది. 1998లో 32 శాతం ఉన్న సాధారణ రేటును ఏటా కోసుకుంటూ వచ్చి 2003 నాటికి 12.5కు చేర్చింది. పొరుగు దేశాలు ఇన్నేళ్లుగా తప్పుపట్టిన ఆ అంకె ఐరోపా నియమాల ఒత్తిడిలోంచే పుట్టిందన్న సంగతిని చాలామంది మరచిపోతారు.

ఐరోపా దేశాల పన్ను రేట్లకు ఉమ్మడి హద్దు పెట్టాలన్న ప్రయత్నం జరగకపోలేదు. కంపెనీల పన్ను 30, 40 శాతాల మధ్య ఉండాలని 1992లోనే ఒన్నో రూడింగ్ కమిటీ సూచించింది. అయితే పన్నుల విషయంలో సభ్యదేశాలన్నీ ఒప్పుకుంటేనే చట్టమవుతుంది. ఈలోగా 2004లో స్లొవేకియా 19 శాతానికి దిగితే, మరుసటి ఏడాదే పొరుగున ఉన్న ఆస్ట్రియా 34 నుంచి 25కు తగ్గింది. 2011 మార్చిలో, బ్యాంకులు కూలి అప్పులో మునిగిన ఐర్లండ్ వడ్డీ తగ్గించమని అడిగితే, ముందు పన్ను పెంచమన్నారు ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ. కొత్త ప్రధాని ఎండా కెన్నీ ససేమిరా అన్నారు.

ఫ్యాక్టరీ కోసం, ఉద్యోగం కోసం పేద దేశం పన్ను తగ్గిస్తే నేను తప్పుపట్టలేను. ఆపిల్ వ్యవహారం మాత్రం వేరు. ఐరోపా అంతటా అమ్మిన ఫోన్ల లాభం కాగితాల మీద ఐర్లండ్ చేరి, అక్కణ్నుంచి ఏ దేశానికీ చెందని ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలోకి పోయేది. 2014లో ఆ లాభంపై పడిన పన్ను 0.005 శాతమేనని ఐరోపా కమిషన్ లెక్కగట్టింది. ఆ ఫోన్లు కొన్న దేశాల ఖజానాలకు ఇది అన్యాయం. 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమని 2016లో కమిషన్ ఆదేశిస్తే, తనకే దక్కాల్సిన ఆ సొమ్ము వద్దని ఐర్లండ్ కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరు 10న ఓడిపోయింది.

అప్పటికే బడా కంపెనీలపై ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న 15 శాతం కనీస పన్నుకు అది తలవంచింది. 2021 అక్టోబరులో ఒప్పుకుని, 2024 నుంచి అమలు చేస్తోంది. 75 కోట్ల యూరోల టర్నోవరు దాటని కంపెనీలకు మాత్రం పాత పన్నెండున్నరే.