లెక్క చెప్పిన యంత్రము, కారణ మడిగిన మనిషి

ఉన్న పైకములో ఇంటిల్లిపాదికి బలమైన భోజనము పెట్టుట యెట్లు? ఈ ప్రశ్న ప్రతి గృహిణియు నెరిగినదే. దీనినే గణితశాస్త్రము చేపట్టగా ఏమి జరిగినదో, అందుండి మనుష్యు లేమి నేర్చిరో మేము నేడు ముచ్చటింపదలచినాము.

1945లో అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జి స్టిగ్లర్ 77 ఆహారపదార్థములను, 9 పోషకములను లెక్కకు దీసికొని, ఒక పురుషునికి ఏడాదికి చాలునట్టి అతి చౌక భోజనమును వెదకెను. 1939 నాటి ధరలలో అతడు తేల్చిన వెల 39 డాలర్ల 93 సెంట్లు. అంతకన్న చౌకయైనది లేదని నిరూపించు సాధన మతనికి లేదు. 1947లో జార్జి డాంట్జిగ్ అను గణితజ్ఞుడు ‘సింప్లెక్స్’ పద్ధతిని కనుగొనెను. ఆ యేడే తొమ్మిదిమంది గుమాస్తాలు చేతితో త్రిప్పు లెక్కయంత్రములతో, ఒక్కరి పనిగా గణించినచో 120 దినముల శ్రమచేసి, ఈ లెక్కను సాధించిరి. వచ్చిన వెల 39 డాలర్ల 69 సెంట్లు. భేదము 24 సెంట్లే!

కొన్నేండ్లకు కంప్యూటరు వచ్చినది. బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పగా, డాంట్జిగ్ తన భోజనమునే దానికి అప్పగించెను. కడుపు నిండినట్లుండుటకై, నీరు పోగా మిగులు బరువు ఎక్కువగా నుండు ఆహారమును వెదకుమనెను. కంప్యూటరు 500 గ్యాలన్ల వెనిగర్ త్రాగుమన్నది! పట్టికలో వెనిగర్‌నందు నీరే లేనట్లు వ్రాయబడి యుండెను. దానిని తొలగింపగా, దినమునకు 200 మాంసరసపు బిళ్లలు తినుమన్నది. ఉప్పునకు పైహద్దు విధింపబడలేదు. కూడికలో తప్పు లేదు. మొదటి దోషము పట్టికలోనిది, రెండవది ప్రశ్నలోనిది. ఫలితమును చూచి ‘ఎందుకు?’ అని యడిగినందుననే రెండును బయటపడినవి.

భోజనమైనచో వింత వెంటనే తెలియును. కాని 1973 చమురు సంక్షోభము తరువాత అమెరికా ప్రభుత్వము దేశపు బొగ్గు, చమురు, విద్యుత్తులను ఇట్టి లెక్కలలో కూర్చినది. సమీకరణములు వేలకొలది, ఫలితము కాగితపు కట్టలు. అందొక అంకె వింతయైనచో ఎవరు పోల్చగలరు?

ఆ ఇంధనశాఖలో పనిచేసిన హార్వే గ్రీన్‌బర్గ్ అను గణితజ్ఞుడు, లెక్కచేసిన కంప్యూటరు చేతనే లెక్కకు సంజాయిషీ చెప్పింపవచ్చునని తలచెను. అతడు రచించిన ‘అనలైజ్’ అను ప్రోగ్రాము వివరణ 1983లో వెలువడినది. ఒక నగరమున బొగ్గు ధర ఇంత యేల యని యడిగినచో, ఆ ధర ఏ గనిలో పుట్టినదో, ఏ రవాణాతో పెరిగినదో వెనుకకు నడచి చూచుటకు అది తోడ్పడును. అంకెల భావమును ఆంగ్లవాక్యములలో చెప్పు ఏర్పాటును దానికి కలదు.

ఒక్కొక్కప్పుడు లెక్కకు పరిష్కారమే యుండదు. సరుకులకు నూరు రూపాయలు మించరాదనియు, పాలకే నూటయిరువది కావలెననియు ఒకే చీటిలో వ్రాసినచో ఎవరు తీర్చగలరు? ఇంటి చీటిలో ఈ వైరుధ్యము కంటికి కనబడును. వేల నిబంధనలలో దాగియుండును. పరస్పరము పొసగని కొలదిపాటి నిబంధనలను వేరుచేసి చూపు మార్గములను 1991లో కెనడాకు చెందిన జాన్ చిన్నెక్ తన సహచరునితో గూడి ప్రకటించెను. నేటి ప్రసిద్ధ ప్రోగ్రాములలో ఈ సదుపాయము సామాన్యము.

ఇది పండితుల వినోదము కాదు. ఏ ఊరికి విద్యుత్తు, ఏ ప్రాంతమునకు ధరల భారము అను నిర్ణయములకు ఇట్టి లెక్కలే ఆధారమగుచున్నవి. కారణము తెలియని అంకె సలహా కాదు, శాసనము. కంప్యూటరు అట్లు చెప్పినదను మాట అధికారికి చాటు కారాదు. కారణమును వెదకుటలో యంత్రము మనకు తోడుపడును; ఆ కారణము న్యాయమా కాదా యని తీర్పు చెప్పుట మాత్రము మన పనియే.